ఎలక్ట్రాన్ బీమ్‌ను గన్ నుంచి ఎమిటెన్స్ దాకా కొలవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మా ఫోటోకేథోడ్ గన్ (లేజర్ వెలుగుతో ఎలక్ట్రాన్లు పుట్టించే పరికరం) మొదటిసారి బీమ్ ఇచ్చిన రాత్రి అందరం కంట్రోల్ రూములో ఒకే మానిటర్ ముందు గుమిగూడాం. నల్లటి తెర మధ్యలో పెసరగింజంత మసక చుక్క, సెకనుకు పదిసార్లు మినుకుమంటోంది. లేజర్ షట్టర్ మూస్తే మాయం, తెరిస్తే మళ్లీ ప్రత్యక్షం. అంటే అది బీమే. చప్పట్లు అయ్యాక ఒక స్టూడెంట్ అడిగాడు: "ఇందులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయి సార్?" ఆ ఒక్క ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో నాలుగో అడుగులో చెప్తాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి యాక్సిలరేటర్ ల్యాబులో కొత్తగా చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన దేశంలో ఇలాంటి పని ఇందోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో జరుగుతోంది. హైదరాబాద్, విశాఖ క్యాన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్లలోనూ మొదట ఉండేది ఎలక్ట్రాన్ గన్నే. యంత్రం చిన్నదైనా పెద్దదైనా కొలిచే క్రమం ఒకటే: ముందు ఛార్జ్, తర్వాత ఎనర్జీ, తర్వాత సైజు, చివరికి ఎమిటెన్స్ (బీమ్ ఎంత సన్నగా, ఎంత చెదరకుండా ఉందో చెప్పే అంకె).

లెక్కలకు ఒక ఉదాహరణ యంత్రాన్ని అనుకుందాం. గన్ నుంచి 5 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) బీమ్ వస్తుంది. దాని తర్వాత ఉన్న లైనాక్ (లీనియర్ యాక్సిలరేటర్) దాన్ని 50 ఎంఈవీకి తీసుకెళ్తుంది. ఒక్కో బంచ్‌లో (ఒక్కో లేజర్ పల్స్‌కు వచ్చే ఎలక్ట్రాన్ల గుంపులో) 200 పికోకూలుంబుల ఛార్జ్, బంచ్ పొడవు 10 పికోసెకన్లు. అంటే పీక్ కరెంట్ 20 ఆంపియర్లు.

దారి పొడవునా ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ప్రతి డయాగ్నొస్టిక్ పరికరానికీ తాను తప్పు చెప్పే దిక్కు ఒకటుంటుంది. కొన్ని ఎప్పుడూ తక్కువే చెప్తాయి, కొన్ని ఎప్పుడూ ఎక్కువే చెప్తాయి. ఆ దిక్కు తెలిస్తే, చేతికొచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

బీమ్ కన్నా ముందు: మీరు

5 ఎంఈవీ ఎలక్ట్రాన్లు లోహంలో ఆగితే ఎక్స్‌రేలు పుడతాయి. లేజర్ ఆపేసినా సరే, గన్‌లో ఆర్ఎఫ్ (మైక్రోవేవ్) పవర్ ఉంటే డార్క్ కరెంట్ (లేజర్ లేకుండానే బయటపడే ఎలక్ట్రాన్లు) వస్తుంది, దానితో రేడియేషన్ కూడా వస్తుంది. "లేజర్ ఆఫ్‌లోనే ఉంది కదా" అని లోపలికి వెళ్లడం అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. ఇంటర్‌లాక్ తాళంచెవి మీ జేబులో ఉంటేనే టన్నెల్లో అడుగుపెట్టండి. చేతిలో సర్వే మీటర్ ఉండాలి. హై వోల్టేజ్ కెపాసిటర్లను ఎర్తింగ్ రాడ్‌తో తాకించాకే ముట్టుకోండి. అల్ట్రావయొలెట్ లేజర్ కంటికి కనిపించదు, కానీ కంటిని కాల్చేస్తుంది. దానికి సరిపడే కళ్లద్దాలు లేకుండా ఆ టేబుల్ దగ్గరకే వెళ్లొద్దు.

అడుగు 1: సోర్స్ ఎంచుకోవడం

ఎలక్ట్రాన్లను లోహంలోంచి బయటికి రప్పించడానికి ఎక్కువగా వాడే దారులు రెండు: వేడి చేయడం, వెలుగు వేయడం.

వేడి చేసే పద్ధతి థర్మయానిక్ గన్. ఎంత వేడికి ఎంత కరెంట్ వస్తుందో చెప్పే సూత్రం ఓవెన్ రిచర్డ్‌సన్‌ది, ఆయనకు 1928 నోబెల్ వచ్చింది ఈ పనికే. ఎలక్ట్రాన్ బయటపడటానికి కావలసిన ఎనర్జీ, అంటే వర్క్ ఫంక్షన్, టంగ్‌స్టన్‌కు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. 2500 కెల్విన్ దాకా కాల్చినా చదరపు సెంటీమీటరుకు వచ్చేది సుమారు 0.3 ఆంపియర్. లాంథనమ్ హెక్సాబోరైడ్‌కు వర్క్ ఫంక్షన్ 2.7 దగ్గరే, కాబట్టి 1800 కెల్విన్‌కే దాదాపు 3 ఆంపియర్లు ఇస్తుంది. సచ్ఛిద్ర టంగ్‌స్టన్‌లో బేరియం సమ్మేళనం నింపిన డిస్పెన్సర్ కేథోడ్‌కు ఇంకా తక్కువ, 2 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల. అది వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గరే హాయిగా పనిచేస్తుంది.

థర్మయానిక్ గన్ చేతికి రాగానే ఒక టెస్ట్ చేయాలి. హీటర్ కరెంట్ కదపకుండా వోల్టేజ్ పెంచుకుంటూ పోయి, బీమ్ కరెంట్‌ను వోల్టేజ్ 3/2 ఘాతానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి. మొదట సరళరేఖ వస్తుంది. ఎలక్ట్రాన్ల మందే వెనకాల వచ్చేవాటిని ఆపుతున్న దశ అది. వోల్టేజ్ నాలుగింతలైతే కరెంట్ ఎనిమిదింతలవుతుంది. ఒక చోట గీత వంగి పడుకుంటుంది. కేథోడ్ ఇక ఇవ్వలేనంటోందన్నమాట. మీరు పనిచేయాల్సింది వంగక ముందున్న భాగంలో. అక్కడ హీటర్ కాస్త అటూఇటూ అయినా బీమ్ కరెంట్ కదలదు. వంగిన తర్వాతి భాగంలో నడిపితే రోజంతా హీటర్ నాబ్ పట్టుకుని కూర్చోవాలి.

వెలుగు పద్ధతి ఫోటోకేథోడ్ గన్. మైక్రోవేవ్ కేవిటీ గోడనే కేథోడ్‌గా చేసి, దాని మీద లేజర్ పల్స్ కొట్టే ఈ ఆలోచనను 1985లో లాస్ ఆలమోస్‌లో ఫ్రేజర్, షెఫీల్డ్ ముందుకు తెచ్చారు. లేజర్ పల్స్ ఎంత పొట్టిగా ఉంటే బంచ్ దాదాపు అంత పొట్టిగా పుడుతుంది. కేవిటీలో ఫీల్డ్ చాలా ఎక్కువ కాబట్టి, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుని చెదిరిపోయే లోపే కాంతివేగానికి దగ్గరవుతాయి. 2009లో మొదటిసారి ఎక్స్‌రే లేజర్ వెలిగించిన స్టాన్‌ఫర్డ్‌లోని ఎల్‌సీఎల్ఎస్‌లో ఉన్నది రాగి కేథోడ్ గన్నే. ఢిల్లీ సెంటర్ టెరాహెర్ట్జ్ యంత్రం కోసం పెట్టుకున్నదీ ఫోటోకేథోడ్ గన్నే.

కేథోడ్ విషయంలో నా సలహా: మొదటి గన్‌కు రాగి. దానికి క్వాంటమ్ ఎఫిషియెన్సీ చాలా తక్కువ, లక్ష ఫోటాన్లు పడితే ఒకటి నుంచి పది ఎలక్ట్రాన్లు. కానీ ఏళ్ల తరబడి మొరాయించకుండా పనిచేస్తుంది. సీసియం టెల్యురైడ్ నూటికి పది దాకా ఇవ్వగలదు, అయితే దానికి గాలి తగలకూడదు, వాక్యూమ్‌లోనే తయారుచేసి వాక్యూమ్‌లోనే గన్‌లోకి తోయాలి. గాలియం ఆర్సెనైడ్ పోలరైజ్డ్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కానీ దాని నాజూకుతనం ఇంకా ఎక్కువ. పోలరైజేషన్ అక్కర్లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

అడుగు 2: వాక్యూమ్, కండిషనింగ్

గన్ లోపలి భాగాలను ఉత్త చేత్తో తాకితే వేలిముద్రలోని జిడ్డు నెలల తరబడి వాయువులు వదులుతూనే ఉంటుంది. గ్లవ్స్ మార్చుకుంటూ ఉండండి, బేకవుట్ (వాయువులు పోయేలా వేడి చేయడం) పూర్తిగా చేయండి. రాగి కేథోడ్‌కు 10⁻⁹ మిల్లీబార్, సీసియం టెల్యురైడ్‌కు 10⁻¹⁰, గాలియం ఆర్సెనైడ్‌కు 10⁻¹¹ శ్రేణి కావాలి. వాక్యూమ్ మాట వచ్చింది కాబట్టి తెలుగువాళ్లుగా ఒకరిని తలచుకోవాలి. పశ్చిమ గోదావరి నుంచి వెళ్లి యూరప్‌లో చదువుకుని, హై వాక్యూమ్ మీద ఇంగ్లిషులో పెద్ద గ్రంథం రాసి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రయోగశాలలకు పునాది వేసినవారు స్వామి జ్ఞానానంద.

కండిషనింగ్‌లో, అంటే గన్‌ను మెల్లగా పూర్తి పవర్‌కు అలవాటు చేయడంలో, తొందర పనికిరాదు. పొట్టి పల్స్, తక్కువ పవర్‌తో మొదలుపెట్టి, కొంచెం పెంచండి, ఆగండి, వాక్యూమ్ గేజ్ చూడండి. లోపల స్పార్క్ వస్తే ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది, వెనక్కి తిరిగొచ్చే ఆర్ఎఫ్ పల్స్ ఆకారం మారిపోతుంది. అప్పుడు ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కండి. వారాలు పట్టొచ్చు. ఇక్కడ టెన్షన్ పడి పవర్ ఎక్కించేసిన గన్‌లలో కేథోడ్ మీద పడిన గుంటలు ఆ తర్వాత ఎప్పటికీ పోవు.

అడుగు 3: లేజర్ లేకుండా ముందు కొలవండి

చాలామంది వదిలేసే అడుగు ఇది. ఆర్ఎఫ్ పవర్ పూర్తిగా పెట్టి, లేజర్ షట్టర్ మూసి, ఛార్జ్ కొలిచే ప్రతి పరికరంలో ఎంత కనిపిస్తోందో రాసుకోండి. స్క్రీన్ దించి కెమెరాతో కనీసం 20 ఫ్రేములు తీసి దాచండి. ఇదే మీ డార్క్ కరెంట్, ఇదే మీ బ్యాక్‌గ్రౌండ్. కేవిటీలో ఫీల్డ్ బలానికి గోడల మీది సూక్ష్మమైన మొనల నుంచి ఎలక్ట్రాన్లు బయటికి లాగబడతాయి. అవి ఆర్ఎఫ్ పల్స్ సాగినంతసేపూ వస్తాయి, అసలు బీమ్ మాత్రం 10 పికోసెకన్లలో వెళ్లిపోతుంది. అందుకే స్కోప్‌లో డార్క్ కరెంట్ వెడల్పైన దిమ్మెలా, బీమ్ సన్నటి మొలలా కనిపిస్తుంది.

అడుగు 4: ఛార్జ్

రెండు పరికరాలు కావాలి. ఒకటి ఫారడే కప్: బీమ్‌ను పూర్తిగా ఆపి, వచ్చిన ఛార్జ్‌ను కేబుల్ గుండా పంపే లోహపు దిమ్మ. రెండోది ఇంటిగ్రేటింగ్ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్: పైపు చుట్టూ ఉండే కడియం, బీమ్‌ను ముట్టుకోకుండానే చెప్తుంది. ఒకదాన్ని ఇంకొకదానితో సరిచూడటానికే రెండూ.

స్కోప్ ఇన్‌పుట్‌ను 50 ఓమ్‌లకు పెట్టండి. కప్ నుంచి వచ్చే పల్స్ కింది వైశాల్యాన్ని 50తో భాగిస్తే ఛార్జ్ వస్తుంది. 200 పికోకూలుంబులకు వైశాల్యం 10 వోల్ట్-నానోసెకన్లు ఉండాలి. మధ్యలో 6 డెసిబెల్ అటెన్యుయేటర్ ఉండి, లెక్కలో దాన్ని మర్చిపోతే, ఛార్జ్ సగమే కనిపిస్తుంది. కేబుల్ వెంబడి చేత్తో తడుముకుంటూ వెళ్లి అటెన్యుయేటర్లు లెక్కపెట్టడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

ఫారడే కప్ తప్పు చెప్పే దిక్కు: తక్కువ. బీమ్ గుద్దినప్పుడు కప్‌లోంచి సెకండరీ ఎలక్ట్రాన్లు వెనక్కి ఎగిరిపోతాయి. అందుకే కప్ మూతి దగ్గర నెగటివ్ వోల్టేజ్ ఉన్న రింగు పెట్టి వాటిని లోపలికే తోస్తారు. ఆ వోల్టేజ్‌ను మెల్లగా పెంచి, రీడింగ్ ఇక పెరగని చోట ఆపండి.

ఇప్పుడు మా మూడు రోజుల కథ. ట్రాన్స్‌ఫార్మర్ 200 పికోకూలుంబులంటోంది, రెండు మీటర్ల అవతలున్న కప్ 150 అంటోంది. బయాస్ రింగు చూశాం, కేబుళ్లు మార్చాం, స్కోపే మార్చేశాం. మూడో రోజు మధ్యాహ్నం కప్ ముందున్న స్క్రీన్ దించి చూస్తే చుక్క పైపు మధ్యలో లేదు, ఒక పక్క అంచుకు ఆనుకుని ఉంది. దారిలో ఒక కరెక్టర్ మాగ్నెట్ పవర్ సప్లై ట్రిప్ అయి ఉంది. బీమ్‌ను పక్కకు లాగింది భూమి అయస్కాంత క్షేత్రం! లెక్క వేసి చూడండి. 5 ఎంఈవీ ఎలక్ట్రాన్ 40 మైక్రోటెస్లాల క్షేత్రంలో సుమారు 460 మీటర్ల వ్యాసార్ధంతో వంగుతుంది. రెండు మీటర్లు పోయేసరికి 4 మిల్లీమీటర్లకు పైగా జరిగిపోతుంది. బీమ్‌లో నాలుగోవంతు పైపు అంచుకు తగిలి పోతోంది, కప్ పాపం ఉన్నదే చెప్పింది. ఆ రోజు నుంచి మా పద్ధతి: రెండు ఛార్జ్ రీడింగులు కలవకపోతే, ఎలక్ట్రానిక్స్ విప్పకముందు స్క్రీన్ దించి బీమ్ ఎక్కడుందో చూడాలి.

స్టూడెంట్ ప్రశ్నకు జవాబు: 200 పికోకూలుంబులంటే దాదాపు 125 కోట్ల ఎలక్ట్రాన్లు.

ఛార్జ్ తెలిశాక క్వాంటమ్ ఎఫిషియెన్సీ లెక్కించండి. 266 నానోమీటర్ల ఫోటాన్ ఎనర్జీ 4.66 ఎలక్ట్రాన్ వోల్టులు. కేథోడ్ మీద పడే లేజర్ ఎనర్జీని జౌళ్లలో తీసుకుని 4.66తో భాగిస్తే, ప్రతి ఫోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్ చొప్పున వచ్చి ఉంటే ఎన్ని కూలుంబులు వచ్చేవో తెలుస్తుంది. మీకొచ్చిన ఛార్జ్‌ను దానితో భాగించండి. 100 మైక్రోజౌళ్ల పల్స్‌కు 215 పికోకూలుంబులు వస్తే ఎఫిషియెన్సీ సరిగ్గా లక్షకు ఒకటి. రాగి వర్క్ ఫంక్షన్ కూడా దాదాపు 4.6 కదా, మిగులు లేకుండా ఎలక్ట్రాన్లు ఎలా వస్తున్నాయని అనుమానం రావచ్చు. కేథోడ్ మీద మీటరుకు 60 మిలియన్ వోల్టుల ఫీల్డ్ ఉంటే ఆ అడ్డుగోడ సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్ తగ్గుతుంది. ఎలక్ట్రాన్ ఆ సందులోంచే బయటపడుతుంది.

అడుగు 5: ఫేజ్, ఎనర్జీ

లేజర్ పల్స్ ఆర్ఎఫ్ తరంగంలో ఏ క్షణాన పడాలో ఇప్పుడు వెతకాలి. 2856 మెగాహెర్ట్జ్ గన్‌లో ఒక పూర్తి తరంగం 350 పికోసెకన్లు, కాబట్టి ఒక డిగ్రీ దాదాపు ఒక పికోసెకను. లేజర్ ఫేజ్‌ను కొన్ని డిగ్రీల చొప్పున జరుపుతూ ఛార్జ్ రాసుకోండి. ఒక చోట సున్నా నుంచి లేస్తుంది, కొంత దూరం బల్లపరుపుగా సాగి తర్వాత పడిపోతుంది. లేచిన చోటు మీకు సున్నా డిగ్రీలు. ఎల్‌సీఎల్ఎస్ గన్‌ను నడిపింది దీనికి 30 డిగ్రీల దగ్గర. మీదీ అక్కడే మొదలుపెట్టి చుట్టుపక్కల వెతకండి. ఈ స్కాన్ రోజూ పొద్దున్నే చేయాలి, ఎందుకంటే కేబుళ్లు వేడెక్కినా సున్నా జరుగుతుంది.

ఎనర్జీకి డైపోల్ మాగ్నెట్ చాలు. మొమెంటమ్‌ను గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని 0.3తో భాగిస్తే ఫీల్డ్, వ్యాసార్ధాల గుణకారం టెస్లా-మీటర్లలో వస్తుంది. 5 ఎంఈవీ బీమ్ మొమెంటమ్ 5.49 ఎంఈవీ, అంటే 0.0183 టెస్లా-మీటర్. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో తిప్పాలంటే 61 మిల్లీటెస్లాలు. మాగ్నెట్‌కు పాత ఫీల్డ్ మిగిలిపోయే గుణం ఉంది, కాబట్టి కరెంట్‌ను ఎప్పుడూ ఒకే దిశ నుంచి తీసుకురండి.

అడుగు 6: సోలనాయిడ్ మధ్యలోంచి పోనివ్వడం

గన్ బయట ఉండే సోలనాయిడ్ బీమ్‌ను ఫోకస్ చేస్తుంది. బీమ్ దాని నడిమధ్యలోంచి పోకపోతే ఫోకస్‌తో పాటు పక్కకు తోపు కూడా పడుతుంది. చూడటం తేలిక: స్క్రీన్ మీద చుక్కను చూస్తూ సోలనాయిడ్ కరెంట్‌ను మెల్లగా పెంచి తగ్గించండి. చుక్క ఉన్న చోటే ఉండి ఊపిరి పీల్చి వదిలినట్టు పెద్దదై చిన్నదవ్వాలి. అలా కాకుండా తెర మీద వంపుగా ఊరేగుతుంటే మధ్యలో లేనట్టే. లేజర్ కేథోడ్ మీద పడే చోటును, సోలనాయిడ్ స్థానాన్ని కొద్దికొద్దిగా సర్దుతూ ఊరేగింపు ఆగేదాకా చేయండి. ఒక పూట మొత్తం పట్టినా ఫర్వాలేదు. ఇక్కడ మిగిల్చిన తప్పును తర్వాత ఏ మాగ్నెట్టూ సరిచేయలేదు.

అడుగు 7: స్క్రీన్, కెమెరా

తక్కువ ఎనర్జీకి, తక్కువ ఛార్జ్‌కు సీరియం కలిపిన యాగ్ క్రిస్టల్ మంచిది. వంద మైక్రాన్ల మందం ఉంటుంది, 550 నానోమీటర్ల దగ్గర బాగా వెలుగుతుంది. లైనాక్ తర్వాత ఓటీఆర్ (ఆప్టికల్ ట్రాన్సిషన్ రేడియేషన్) స్క్రీన్ వాడొచ్చు. ఎలక్ట్రాన్ లోహపు ఉపరితలం దాటేటప్పుడు వచ్చే వెలుగు అది. గింజ్‌బర్గ్, ఫ్రాంక్ 1940లలోనే లెక్కగట్టారు. యాగ్‌తో పోలిస్తే చాలా మసక, కానీ ఎంత ఛార్జ్ పడినా సాచురేట్ కాదు. బంచ్‌ను బాగా నొక్కితే మాత్రం ఇదీ మోసం చేస్తుంది. ఎల్‌సీఎల్ఎస్‌లో బంచ్ కంప్రెషన్ తర్వాత ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా వెలుగు విరజిమ్మి ఓటీఆర్ బొమ్మలను నమ్మలేని స్థితి వచ్చింది. అక్కడ సన్నటి తీగను బీమ్ గుండా జరిపే వైర్ స్కానర్లే ఆధారమయ్యాయి.

స్క్రీన్ మీద ముందే గీసి ఉంచిన గుర్తులతో ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో తేల్చుకోండి. స్క్రీన్ వాలుగా ఉంటే అడ్డం, నిలువు లెక్కలు వేరు. యాగ్ సాచురేట్ అవుతోందా అన్నది ఇలా పట్టుకోండి: లేజర్ ఎనర్జీ పెంచుతూ, బొమ్మలోని మొత్తం కౌంట్లను ట్రాన్స్‌ఫార్మర్ చెప్పే ఛార్జ్‌కు ఎదురుగా గీయండి. సరళరేఖ వంగిన చోటు మీ హద్దు. దాని పైన చుక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. కెమెరా పిక్సెళ్లు నిండిపోయినా అదే ఫలితం.

దీనికి వ్యతిరేక దిశలో మోసం చేసేది మనమే. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే ఉత్సాహంలో కటాఫ్ (ఇంతకన్నా మసక పిక్సెళ్లను వదిలేయాలనే హద్దు) ఎక్కువ పెడితే బీమ్ అంచులు కూడా ఎగిరిపోయి సైజు చిన్నదైపోతుంది. మూడు వేర్వేరు కటాఫ్‌లతో లెక్కించి, సైజు ఎంత మారిందో రాసుకోండి. ఆ తేడా మీ ఎర్రర్ బార్‌లో భాగం.

అడుగు 8: ఎమిటెన్స్

కొబ్బరి చీపురు కట్టు దగ్గర బిగువుగా ఉంటుంది, ఈనెలు మాత్రం తలో దిక్కుకు పోతాయి. బీమ్ కూడా అంతే. లెన్స్‌తో ఒక చోట సన్నగా నొక్కగలం, కానీ ఎంత నొక్కితే దిక్కుల చెదురు అంత పెరుగుతుంది. ఆ సన్నదనం, చెదురుల గుణకారమే ఎమిటెన్స్. ఎనర్జీ పెరిగితే అది తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి, మొమెంటమ్ గుణకంతో (మొమెంటమ్ ÷ ఎలక్ట్రాన్ నిశ్చల ఎనర్జీ) గుణించి నార్మలైజ్డ్ ఎమిటెన్స్ అని చెప్పుకుంటాం.

ఏ పద్ధతి వాడాలో ముందు ఒక లెక్క చెప్తుంది. పీక్ కరెంట్‌ను బీమ్ సైజు వర్గంతో గుణించి, దాన్ని (2 × 17,000 ఆంపియర్లు × గామా × నార్మలైజ్డ్ ఎమిటెన్స్ వర్గం)తో భాగించండి. గామా అంటే ఎలక్ట్రాన్ మొత్తం ఎనర్జీ దాని నిశ్చల ఎనర్జీకి ఎన్ని రెట్లో ఆ సంఖ్య. ఫలితం 1 కన్నా బాగా ఎక్కువైతే బీమ్ సైజును నడిపిస్తున్నది ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ. బాగా తక్కువైతే ఎమిటెన్స్. ఎమిటెన్స్ 1.5 మైక్రాన్లనుకుంటే, 5 ఎంఈవీ దగ్గర 1 మిల్లీమీటర్ సైజుకు ఈ నిష్పత్తి 24. 50 ఎంఈవీ దగ్గర 0.3 మిల్లీమీటర్ సైజుకు 0.24. వంద రెట్ల తేడా. అందుకే గన్ బయట క్వాడ్ స్కాన్ (ఫోకస్ చేసే క్వాడ్రుపోల్ మాగ్నెట్ బలం మారుస్తూ సైజు కొలవడం) చేసి వచ్చిన అంకెను నేను ఒప్పుకోను.

గన్ దగ్గర చీలిక పద్ధతి వాడండి. టంగ్‌స్టన్ పలకలో 50 మైక్రాన్ల చీలిక, మీటరు దూరంలో స్క్రీన్. చీలిక బీమ్‌లో ఎక్కువ భాగాన్ని ఆపేసి సన్నటి పోగును మాత్రం వదులుతుంది. ఛార్జ్ పలచబడింది కాబట్టి వికర్షణ కూడా పోతుంది. పోగు స్క్రీన్ చేరేసరికి ఎంత విచ్చుకుందో అదే దిక్కుల చెదురు. సైజు 1 మిల్లీమీటర్ ఉండి, పోగు 140 మైక్రాన్లు విచ్చుకుంటే, 1 × 0.14 × మొమెంటమ్ గుణకం 10.7, అంటే 1.5 మైక్రాన్లు. చీలిక సొంత వెడల్పు వాటా 14 మైక్రాన్లే, వర్గాలుగా తీసేయండి. నిజానికి చీలికను బీమ్ అడ్డంగా జరుపుతూ ప్రతి చోటా కొలిచి మొత్తం కలపాలి. ఇక్కడిచ్చింది మధ్య పోగు లెక్క మాత్రమే.

లైనాక్ తర్వాత క్వాడ్ స్కాన్. ఒక క్వాడ్రుపోల్, దాని వెనక రెండు మీటర్లలో స్క్రీన్. క్వాడ్ బలం అంటే 0.3 × గ్రేడియంట్ × పొడవు ÷ మొమెంటమ్ (గిగాల్లో). 10 సెంటీమీటర్ల క్వాడ్‌లో మీటరుకు 1 టెస్లా గ్రేడియంట్ ఉంటే 50 ఎంఈవీ బీమ్‌కు బలం 0.59. బలం మారుస్తూ సైజు కొలిస్తే ఇలాంటి అంకెలు వస్తాయి:

బలం 0 దగ్గర 317 మైక్రాన్లు
0.25 దగ్గర 181
0.50 దగ్గర 101
0.75 దగ్గర 181
1.00 దగ్గర 317

సైజుల వర్గాలు పారబోలా మీద కూర్చుంటాయి. అట్టడుగు (కనిష్ఠ) విలువ 101 వర్గం, 10,201. అంచు విలువ 317 వర్గం, 1,00,489. తేడా 90,288. దాన్ని బలం తేడా (0.5) వర్గంతో, అంటే 0.25తో భాగిస్తే పారబోలా వంపు 3,61,152. వంపును అడుగు విలువతో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 60,700. దూరం వర్గంతో, అంటే 4తో భాగిస్తే 15,170. మైక్రాన్లలోకి మారిస్తే 0.01517. మొమెంటమ్ గుణకం 98.8తో గుణిస్తే 1.5 మైక్రాన్లు. కాగితం మీద ఒకసారి మీరే చేయండి, తర్వాతే కంప్యూటర్‌కు అప్పగించండి.

నిజం స్కాన్‌లో కనీసం తొమ్మిది పాయింట్లు, ఒక్కోదానికి 10 నుంచి 20 ఫ్రేములు, కనిష్ఠానికి రెండు వైపులా సమానంగా. జవాబును శాసించేది ఆ అడుగు పాయింటే. కెమెరా, లెన్స్ కలిపి 30 మైక్రాన్ల మసక ఉంటే 101 కాస్తా 105 అవుతుంది, తప్పు 4 శాతం. మసక 60 మైక్రాన్లైతే 117 అవుతుంది, తప్పు 16 శాతం. ఎమిటెన్స్ ఎక్కువొచ్చిందని గన్‌ను తప్పుపట్టే ముందు లెన్స్ ఫోకస్ చూడండి.

అనుకున్నదానికన్నా ఎమిటెన్స్ తక్కువ వస్తే ఇంకా జాగ్రత్త పడాలి. పుట్టుకలోనే ఒక కనిష్ఠం ఉంటుంది. ఎలక్ట్రాన్ 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల మిగులుతో బయటికొస్తే, కేథోడ్ మీద లేజర్ చుక్క సైజు ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 0.5 మైక్రాన్ల ఎమిటెన్స్ అక్కడే ఖాయమైపోతుంది. దానికన్నా తక్కువ కొలిచారంటే కటాఫ్ ఎక్కువ పెట్టారన్నమాటే.

అడుగు 9: బంచ్ పొడవు

దీని గురించి క్లుప్తంగా. స్ట్రీక్ కెమెరా ఉంటే పికోసెకను స్థాయి దాకా చూడొచ్చు. అంతకన్నా లోతుకు వెళ్లాలంటే డిఫ్లెక్టింగ్ కేవిటీ కావాలి. అది బంచ్ తలను ఒక పక్కకు, తోకను ఇంకో పక్కకు తోస్తుంది, అప్పుడు పొడవు స్క్రీన్ మీద ఎత్తుగా పరుచుకుంటుంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో తయారైన లోలా అనే కేవిటీ, దశాబ్దాల తర్వాత జర్మనీలోని హాంబర్గ్‌కు వెళ్లి ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ బంచ్‌లను కొలిచింది. మొదటి ఏడాది పనికి మీకు ఇది అవసరం పడకపోవచ్చు.

అడుగు 10: రోజు ముగించే ముందు

స్కాన్ అయ్యాక ఆర్ఎఫ్ ఆపకండి. లేజర్ షట్టర్ మూసి, పొద్దున తీసినట్టే మళ్లీ 20 బ్యాక్‌గ్రౌండ్ ఫ్రేములు తీయండి. రెండు ఛార్జ్ పరికరాల సున్నాలు, కేథోడ్ క్వాంటమ్ ఎఫిషియెన్సీ, వాక్యూమ్, ఫేజ్ సున్నా లాగ్‌బుక్కులో రాయండి, అటెన్యుయేటర్లు ఎన్నో కూడా రాయండి. సాయంత్రం బ్యాక్‌గ్రౌండ్ పొద్దుటి దానితో కలిస్తే ఆ రోజు డేటాను విశ్లేషణకు తీసుకోండి. కలవకపోతే ఏ గంటలో మారిందో వెతికి, ఆ తర్వాతి స్కాన్ మొత్తం రేపు మళ్లీ చేయండి.